ఆదివారం మట్టి దారి సైకిల్ బ్యాచ్‌లో చేరాలంటే

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు శంకర్‌పల్లి రోడ్డు మీద ఏదో ఒక టిఫిన్ సెంటర్ దగ్గర ఆగి చూడండి. గోడకు ఆనించిన సైకిళ్ళు ఏడెనిమిది కనిపిస్తాయి. పక్కనే మోకాళ్ళ దాకా ఎర్రమట్టి కొట్టుకుపోయిన మనుషులు, వాళ్ళ చేతుల్లో మైసూర్ బజ్జి ప్లేట్లు. అందులో ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒక కుర్రాడు ఇంజినీరింగ్ రెండో ఏడు, ఒకావిడ ఇద్దరు పిల్లల తల్లి. రేసులకు వెళ్ళేవాళ్ళు ఒక్కరూ ఉండరు. పాతిక ముప్పై కిలోమీటర్లు మట్టి బాటల్లో తొక్కి, టిఫిన్ తిని, పదిన్నరకల్లా ఇల్లు చేరే బాపతు.

ఈ బ్యాచ్‌లలో చేరాలంటే ఏం కావాలని నన్ను తరచూ ఎవరో ఒకరు అడుగుతుంటారు. అడిగేది మాత్రం ఎప్పుడూ సైకిల్ గురించే. ఎంత పెట్టి కొనాలి, ఎన్ని గేర్లుండాలి, ఏ కంపెనీ మంచిది. నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. 5:45కి రమ్మంటే 5:45కి అక్కడ ఉంటారా? మీ పంక్చరు మీరు వేసుకోగలరా? రెండింటికీ అవునంటే మీ సైకిల్ ఏదైనా మూడో వారానికి మీరు ఆ బ్యాచ్ మనిషే. కాదంటే లక్ష రూపాయల బండి తెచ్చినా, మీ కోసం పదిమంది ఎండలో నిలబడాల్సి వస్తుంది.

నేను హైదరాబాద్ పడమటి వైపు తొక్కుతాను కాబట్టి ఆ దారుల గురించే రాస్తున్నాను. వైజాగ్ వాళ్ళు, విజయవాడ వాళ్ళు తమ కొండలకూ కట్టలకూ తగ్గట్టు మార్చుకోవచ్చు.

అసలు ఆ దారులేమిటి

1908 మూసీ వరదల తర్వాత కట్టిన జంట జలాశయాల్లో గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్ళు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చి, చుట్టుపక్కల పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలను కట్టడి చేశారు. దాని మంచిచెడ్డల మీద ఇప్పటికీ వాదనలున్నాయి, అది వేరే సంగతి. సైకిల్ తొక్కేవాళ్ళకు మాత్రం ఒరిగింది పెద్దదే. గచ్చిబౌలి అద్దాల మేడల నుంచి అరగంట తొక్కితే ఇంకా బండ్ల బాటలు, చెరువు కట్టలు, గట్ల పక్కన కాలిబాటలు, పొద్దున్నే అరిచే నెమళ్ళు దొరుకుతున్నాయి. ట్రైల్ రైడ్ అని మేం గొప్పగా చెప్పుకునేది ఈ బాటల మీద తొక్కడాన్నే. ఊళ్ళో వాళ్ళకు అది పొలానికి వెళ్ళే దారి, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బ్యాచ్‌ను పట్టుకోవడం

అన్నిటికన్నా నమ్మకమైన సమాచారం మీ దగ్గరి సైకిల్ మెకానిక్ దగ్గర ఉంటుంది. ఎవరు ఎటు వెళ్తారో, ఎవరి సైకిళ్ళు ప్రతి సోమవారం మట్టితో వస్తాయో, ఎవరు మర్యాదస్తులో, ఎవరు బిల్లు ఎగ్గొడతారో ఆయనకు తెలుసు. రెండో చోటు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరులో తెరిచిన ఈ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. ఆదివారం పొద్దున నానక్‌రామ్‌గూడ వైపు గానీ నార్సింగి వైపు గానీ వెళ్తే గుంపులు గుంపులుగా కనిపిస్తారు. టైర్లు లావుగా ఉండి, వాటి గాడుల్లో ఎండిన మట్టి ఉన్నవాళ్ళను పలకరించండి. సన్న టైర్ల వాళ్ళు మంచివాళ్ళే కానీ వాళ్ళు మట్టిలోకి దిగరు.

ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. చేరగానే గుడ్ మార్నింగ్ పువ్వులు పంపకండి. రెండు వారాలు ఊరికే చదవండి. శుక్రవారమో శనివారమో ఎవరో ఒకరు ప్లాన్ పెడతారు. అప్పుడు అడగాల్సినవి ఇవి: మొత్తం ఎన్ని కిలోమీటర్లు, అందులో మట్టి ఎంత, సగటు వేగం ఎంత, ఎన్నింటికి తిరిగొస్తాం, ఇది నో డ్రాప్ రైడా కాదా. ఈ చివరి ప్రశ్న ముఖ్యం. నో డ్రాప్ అంటే వెనకబడ్డవాళ్ళను వదిలి వెళ్ళరు, ప్రతి మలుపులో ఆగుతారు, అందరికన్నా వెనక ఒకరు స్వీపర్‌గా ఉంటారు. అలా కాని రైడ్‌లో మొదటిసారే వెళ్తే దారి తెలియని చోట మీరూ మీ సైకిలూ మిగులుతారు.

‘ఈజీ రైడ్’ అన్న మాటను అంకెల్లోకి మార్చుకోకుండా నమ్మకండి. ఎవరికి ఈజీ అన్నది తేలాలి. మట్టి మీద గంటకు 11, 12 కిలోమీటర్ల సగటు అంటే కబుర్లు చెప్పుకుంటూ తొక్కే వేగం. 16 దాటితే అది ఈజీ కాదు, వాళ్ళు ఏమన్నా సరే.

ఆడవాళ్ళకు ఇంకో మాట. గ్రూపులో ఆడవాళ్ళు ఎంతమంది అని కాదు, గడిచిన నెలలో ఎంతమంది రైడ్‌కు వచ్చారని అడగండి. వీలైతే వాళ్ళలో ఒకరితో ఫోన్‌లో మాట్లాడండి. మొదటి రెండు మూడు సార్లు లైవ్ లొకేషన్ ఇంట్లో వాళ్ళకు పెట్టండి. నేను ఇప్పటికీ పెడతాను. ఇందులో నామోషీ ఏమీ లేదు. సంసారపక్షంగా చూసినా, ఎన్నింటికి పప్పు పొయ్యి మీద పెట్టాలో వాళ్ళకు తెలుస్తుంది.

మీ సత్తా మీరే చూసుకోండి

వెళ్ళే ముందు వారం ఔటర్ ట్రాక్ మీద పాతిక కిలోమీటర్లు తొక్కండి. మధ్యలో రెండుసార్లు ఆగొచ్చు. తొక్కుతూ పక్కవాళ్ళతో పూర్తి వాక్యంలో మాట్లాడగలిగితే, ఇంటికి వచ్చాక సాయంత్రం మెట్లెక్కగలిగితే, మట్టి మీద 15 కిలోమీటర్లకు మీరు సిద్ధం. మట్టి కిలోమీటరు తారు కిలోమీటరుతో సమానం కాదు. ఎగుడుదిగుళ్ళలో చేతులు, నడుము కూడా పనిచేస్తాయి. గుండె జబ్బు, బీపీ, మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగండి. బ్యాచ్‌లో కనీసం ఒకరికైనా ఆ విషయం చెప్పి ఉంచండి.

సైకిల్ గురించి, తక్కువగా

కొనకండి. మొదటి రెండు రైడ్‌లకు అద్దెకు తెచ్చుకోండి, లేదా గ్రూపులోనే అడగండి. ఎవరింట్లోనో బాల్కనీలో బట్టలారేసుకోవడానికి పనికొస్తున్న సైకిల్ తప్పకుండా ఒకటి ఉంటుంది. మౌంటెన్ బైక్ అయితే సరే, రోడ్డు సైకిల్‌కూ దానికీ మధ్యరకమైన హైబ్రిడ్ అయినా మా దారులకు చాలు. చూసుకోవాల్సింది మూడే. బ్రేకు పట్టగానే చక్రం ఆగాలి. చైను తుప్పు పట్టి ఉండకూడదు. సీటు మీ ఎత్తుకు తగ్గట్టుండాలి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా రావాలి. మన దగ్గర సగం మోకాళ్ళ నొప్పులు సీటు మరీ కిందికి పెట్టుకోవడం వల్ల వచ్చేవే అని నా అనుమానం.

గాలి సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. తారు మీద గట్టిగా కొట్టించుకున్న గాలితో మట్టిలోకి వస్తే ప్రతి రాయీ మీ దవడకు తెలుస్తుంది, పైగా చక్రం జారుతుంది. టైరు పక్కన కనిష్ఠం, గరిష్ఠం అచ్చువేసి ఉంటాయి. ఆ రెంటి మధ్యలో కిందివైపు ఉంచుకోండి. 70 కిలోల మనిషికి లావు మౌంటెన్ టైర్లో 30, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నడుస్తుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. అచ్చం పాము కాటులా ఉంటుంది, దాని పేరు కూడా అదే, స్నేక్ బైట్.

హెల్మెట్ లేకుండా ఏ మంచి బ్యాచ్ రానివ్వదు. రానిచ్చే బ్యాచ్‌తో మీరు వెళ్ళకండి. కనుబొమల పైన రెండు వేళ్ళ దూరంలో, నుదురు కప్పేలా ఉండాలి. వెనక్కి తోసి పెట్టుకుంటే అది టోపీ.

పంక్చరు

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన నేలలో ముళ్ళకు కరువు లేదు. దారి పొడవునా సర్కారు తుమ్మ ఉంటుంది. వానాకాలం తర్వాత బాట మీద పల్లేరు తీగ పాకుతుంది. చిన్నప్పుడు చెప్పులు లేకుండా తిరిగినవాళ్ళకు పల్లేరు కాయ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది.

నా రెండో రైడ్‌లో ఒక చెరువు కట్ట మీద వెనక చక్రం మెత్తబడింది. నా దగ్గర కొత్త ట్యూబు ఉంది, వీడియోలు చూసి నేర్చుకున్నాను కూడా. పావుగంటలో మార్చేశాను, అందరూ చప్పట్లు కొట్టారు. రెండు కిలోమీటర్లు పోకముందే మళ్ళీ అదే చక్రం. అప్పుడు మా బ్యాచ్‌లో పెద్దాయన ఒకరు పక్కన గొంతుక్కూర్చుని అడిగారు.

“ట్యూబు మార్చావు సరే, ముల్లు తీశావామ్మా?”

తీయలేదు. టైరు లోపల వేలితో తడిమాను, ఏమీ తగల్లేదు. ఆయన జేబులోంచి పాత కాటన్ రుమాలు తీసి టైరు లోపలి అంచు పొడవునా మెల్లగా తుడిచారు. ఒకచోట రుమాలు పోగు పట్టుకుంది. అక్కడ టైరును బయటికి వంచితే, ఆవగింజంత పల్లేరు ముల్లు మొన, లోపలివైపు వెంట్రుకవాసి పొడుచుకొచ్చి ఉంది. గోళ్ళతో రాలేదు, సేఫ్టీ పిన్నుతో తీశారు. ఆ రోజు నుంచి నా సంచిలో పాత రుమాలు, పిన్నీసు ఉంటాయి. వేళ్ళతో తడమడం మానేశాను. ముల్లు పెద్దదైతే, గాజు పెంకైతే, వేలే తెగుతుంది.

ఇంట్లో ఒక్కసారైనా, టీవీ చూస్తూనైనా సరే, ఈ పని మొత్తం చేసి చూడండి. వెనక చక్రమైతే మొదట చైనును వెనక పళ్ళచక్రాల్లో అన్నిటికన్నా చిన్నదాని మీదికి తెచ్చుకోండి, చక్రం సులువుగా ఊడుతుంది. డిస్క్ బ్రేకులుంటే చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు నొక్కకండి, ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి చక్రం మళ్ళీ ఎక్కదు. గాలి మొత్తం తీసి, టైరు ఊడదీసే రెండు లివర్లతో ఒకవైపు అంచు పైకి లేపి ట్యూబు లాగండి. రుమాలుతో ముల్లు వెతకండి. కొత్త ట్యూబులో కొంచెం గాలి, దాని ఆకారం వచ్చేంత మాత్రం కొట్టి లోపల పెడితే మెలికపడదు. టైరు అంచును చేతులతోనే ఎక్కించండి, చివర బిగుతుగా ఉందని లివర్‌తో పొడిస్తే కొత్త ట్యూబుకు మీరే చిల్లు పెడతారు. గాలి కొట్టే ముందు చుట్టూ ఒకసారి చూడండి, ట్యూబు ఎక్కడా టైరు కింద నలగకూడదు.

ట్యూబు కొనేటప్పుడు రెండు విషయాలు సరిచూసుకోండి. కొలత టైరు మీద ఉన్నదే కావాలి: 26, 27.5, 29, లేదా హైబ్రిడ్‌కు 700. వాల్వు కారుకుండేలాంటి లావుదా, సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టానా అన్నది రిమ్ము చిల్లును బట్టి ఉంటుంది. మీ పంపు ఆ వాల్వుకు పడుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. మా బ్యాచ్‌లో ఒకాయన ఏడాదిపాటు మోసిన పంపు తన వాల్వుకు పట్టదని మొదటి పంక్చరు రోజున తెలుసుకున్నాడు. మా అందరికీ ఆ రోజు భలే సరదాగా గడిచింది, ఆయనకు తప్ప.

సంచిలో

ట్యూబు, లివర్లు, పంపు, రుమాలు, పిన్నీసు. రెండు సీసాల నీళ్ళు. వేసవిలో మూడైనా ఎక్కువ కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ వేసుకోండి, కానీ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళకు కలపాల్సిందని గుర్తుంచుకోండి. అరలీటరు సీసాలో మొత్తం గుమ్మరిస్తే మేలుకు బదులు కీడు చేస్తుంది. రెండు అరటిపళ్ళో, పల్లీ చిక్కీలో. వంద రూపాయల నోటు, చిల్లర, ఎందుకంటే ఫోన్ సిగ్నల్ లేని చోట స్కానర్ పనిచేయదు. ఒక కాగితం మీద మీ పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు. ఫోన్ లాక్ అయి ఉంటే పడిపోయినప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ రోజు

ఇక్కడ డిసెంబరు, జనవరుల్లో పొద్దు పొడిచేసరికి ఆరున్నర దాటుతుంది, మే నెలలో ఆరు కాకముందే. కాబట్టి చలికాలం 6:30కి, ఎండాకాలం 5:30కి బయల్దేరే బ్యాచ్‌లే ఎక్కువ. చీకట్లో కలిసే చోటికి వెళ్ళాలి కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి. చెప్పిన టైముకు పది నిమిషాల ముందు చేరండి. రాలేకపోతే ముందు రోజు రాత్రే చెప్పండి. పొద్దున 5:50కి ‘సారీ, లేవలేదు’ అని మెసేజ్ పెట్టేవాళ్ళ పేర్లు ఎవరూ పైకి అనరు గానీ, అందరికీ గుర్తుంటాయి.

వెళ్ళగానే ముందుండి నడిపేవాళ్ళకు రెండే మాటలు చెప్పండి: ‘నాకిది మొదటిసారి, నెమ్మదిగా వస్తాను.’ ఫిట్‌నెస్ చరిత్ర, స్కూల్లో గెలిచిన కప్పులు టిఫిన్ దగ్గర చెప్పుకోవచ్చు. మొదటి రోజు గుంపు మధ్యలో తొక్కండి. మరీ వెనకుంటే అందుకోవాలన్న టెన్షన్, మరీ ముందుంటే దారి తెలియదు.

తారు మీద ఒకరి వెనక ఒకరు. ముందువాళ్ళు ‘గుంత’ అని అరిచి వేలితో చూపిస్తే మీరూ అరిచి మీ వెనకవాళ్ళకు చూపించాలి. వెనక నుంచి ‘బండి’ అని వినిపిస్తే ఎడమకు జరగాలి. ఆగేముందు చెప్పి ఆగాలి, అదీ దారి వదిలి పక్కన. నిజంగా పెద్దగా అరవాలి, మొహమాటపడితే వెనకవాళ్ళు మీ మీదికి ఎక్కుతారు.

మట్టిలోకి దిగాక ముందు సైకిల్‌కు మీకూ మధ్య మూడు నాలుగు సైకిళ్ళ జాగా వదలండి. దిగుడులో పెడళ్ళు రెండూ సమంగా ఉంచి, సీటు మీంచి కొంచెం లేచి, మోకాళ్ళూ మోచేతులూ వదులుగా పెట్టుకోండి. చూపు పది గజాల ముందుండాలి. దారి మధ్యలో బండ ఉంటే బండ పక్కనున్న ఖాళీని చూడండి. బండనే చూస్తే బండ మీదికే పోతాం, ఇందులో అబద్ధం లేదు. ఇసుక మేటలో హ్యాండిల్ తిప్పకండి, ముందు బ్రేకు పట్టకండి, తేలిక గేరులో తిన్నగా తొక్కేయండి. ఎక్కుడు వచ్చే ముందే గేరు తగ్గించండి. సగం ఎక్కాక మార్చబోతే చైను కరకరలాడి, మీరు ఆగి, మీ వెనక నలుగురు ఆగుతారు. భయమేసిన చోట దిగి నడిపించండి. మా బ్యాచ్‌లో ఎనిమిదేళ్ళుగా తొక్కుతున్నవాళ్ళు కూడా రెండు చోట్ల దిగుతారు.

ముందే అన్నాను, అది పొలానికి వెళ్ళే దారి. మొలకెత్తిన చేను గట్టు మీద తొక్కకూడదు. తీసిన తడిక మళ్ళీ వేసి వెళ్ళాలి. గొర్రెల మంద వస్తే దిగి పక్కన నిలబడాలి, బెల్లు కొట్టి చెదరగొట్టకూడదు. ఆ కాపరి వాటిని మళ్ళీ పోగేయడానికి పడే పాట్లు మనం చూడం. చిక్కీ కవర్లు, ఎనర్జీ జెల్ కవర్లు జేబులోనే. వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి వైపు గానీ అనంతగిరి వైపు గానీ అడవిలోకి వెళ్ళే ప్లాన్ అయితే, అటవీ శాఖ అనుమతి ఎవరు తీసుకున్నారో ముందే అడగండి. ‘ఎవరూ ఏమనరులే’ అన్నది జవాబు కాదు.

పెద్దవాళ్ళు ఎదురైతే పలకరించండి. ఒక ముసలాయన ఒకసారి మా గుంపును ఆపి, “ఏందమ్మా, గింత పొద్దుగాల ఎటు వోతున్నరు?” అన్నాడు. ఎటూ కాదు తాతా, ఊరికే తిరిగొస్తున్నాం అన్నాను. ఆయన మా పదిమందినీ, హెల్మెట్లనూ, తడిసిన చొక్కాలనూ తేరిపార చూసి, “ఊకెనేనా!” అన్నాడు. తర్వాత చెరువు అలుగు పక్కన దగ్గరి తొవ్వ చూపించాడు. ఇప్పుడు మేం ప్రతిసారీ ఆ దారినే వెళ్తాం.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడవండి. పరుగు ఆగిపోతే సాధారణంగా వాటికి ఆసక్తి పోతుంది. కరిస్తే మాత్రం రైడ్ అక్కడితో అయిపోయినట్టే. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో పావుగంట కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక వాన. ఎర్రనేల మీద తొలకరి తర్వాత రోజు తొక్కడం అంత హాయి ఇంకోటి లేదు. నల్లరేగడి మీద మాత్రం వద్దు. చేవెళ్ళ వైపు ఆ నేల చాలాచోట్ల ఉంది. పది గజాలు పోయేసరికి మట్టి టైరుకు చుట్టుకుని, ఫోర్కుకూ మడ్‌గార్డుకూ మధ్య గట్టి ముద్దలా పట్టి చక్రం తిరగడమే ఆగిపోతుంది. సైకిల్ భుజానికెత్తుకుని అర కిలోమీటరు నడిచిన అనుభవం ఈ రాసేవారికి ఉంది. చెప్పులకు కూడా అంతే బరువు మట్టి అంటుకుని ఉంది. రాత్రి వాన పడితే పొద్దున ప్లాన్ మార్చమని అడగడానికి కొత్తవాళ్ళైనా వెనకాడకండి.

టిఫిన్ దగ్గర

అసలు బ్యాచ్‌లో చేరడం ఇక్కడే జరుగుతుంది. పని ఉందని మొదటిరోజే తప్పించుకోకండి. పెసరట్టు వచ్చేదాకా ఉండండి. బిల్లు ఒకరు కడతారు, లెక్క గ్రూపులో పెడతారు. మీ వాటా ఇంటికి చేరేలోపు పంపేయండి, అడిగించుకోకండి. తారసపడిన ప్రతివారినీ ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టే అలవాటుంటే ముందు అడగండి. ఆఫీసులో ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. తొక్కిన దారిని రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో రైడ్ పెట్టేటట్టయితే, ఇంటి చుట్టుపక్కల దారి కనిపించకుండా దాచే సెట్టింగ్ పెట్టుకోండి.

ఒక బ్యాచ్ నచ్చకపోవచ్చు. వేగం కుదరకపోవచ్చు, మాటలు కుదరకపోవచ్చు, ఒకరిద్దరు అదే పనిగా పాఠాలు చెబుతుండవచ్చు. రెండు రైడ్‌లు చూసి, గ్రూపులో థ్యాంక్స్ చెప్పి, ఇంకోటి వెతుక్కోండి. ఎవరూ ఏమీ అనుకోరు. నేను మూడోదాంట్లో కుదురుకున్నాను.

నాలుగైదు రైడ్‌లు అయ్యాక, ఒక శనివారం రాత్రి గ్రూపులో ‘రేపు స్వీపర్‌గా నేనుంటా’ అని రాయండి. అందరికన్నా వెనక తొక్కాలి, ఎవరి చైను ఊడినా ఆగాలి, మీ ట్యూబు ఇంకెవరికో పోవచ్చు. ఆ రోజు కట్ట మీద ఎవరిదో చక్రం మెత్తబడి, వాళ్ళు గబగబా ట్యూబు మార్చేసి లేవబోతుంటే, మీ జేబులో రుమాలు ఉందో లేదో చూసుకోండి.